ఎద్దులు, మేకలు, పనిచేసే చేతులు: కర్నూలులో దొరికే ఒక స్కెచ్‌ల సంపుటి

కర్నూలు పాతబస్తీలో పటాలకు ఫ్రేములు కట్టే ఒక చిన్న దుకాణంలో కొంతకాలంగా ఒక అట్ట ఫోల్డరు అమ్మకానికి ఉంటోంది. జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక చిత్రకారుడు సంతల్లో, కళ్లాల్లో, బస్టాండ్లలో, ఇళ్ల ముంగిళ్లలో గీసుకున్న జంతువుల, చేతుల స్కెచ్‌ల నుంచి ఏరి అచ్చు వేయించిన 44 విడి కాగితాలు అందులో ఉన్నాయి. వాటిలో 26 జంతువులవి, 18 చేతులవి. ధర 650 రూపాయలు. తన పేరు ప్రచారం కావడం ఆయనకు ఇష్టం లేదని దుకాణదారు చెప్పారు, అట్ట మీద కూడా పొడి అక్షరాలే ఉన్నాయి. అందుచేత నేనూ మాస్టారు అనే ప్రస్తావిస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తే, జంతువుల భాగానికి ఆ ధర తక్కువే, చేతుల భాగంలో సగం గొప్పగానూ సగం మామూలుగానూ ఉంది, అచ్చు పని మాత్రం బొమ్మల స్థాయికి తగినట్టు లేదు.

మన ప్రాంతంలో బొమ్మను మెచ్చుకునే మాట సాధారణంగా "అచ్చం ఫోటోలా ఉంది" అన్నదే. ఫోటో మీద గళ్లు గీసి, ఆ గళ్లను పెద్ద కాగితం మీదికి ఎక్కించి, వారాల తరబడి షేడింగ్ చేసి తయారుచేసే పోర్ట్రెయిట్లకే ఇక్కడ గిరాకీ. సన్మానాలకూ షష్టిపూర్తులకూ ఇచ్చేది కూడా అవే. ఆ కంటితో ఈ ఫోల్డరు తెరిస్తే మొదటి కాగితాలు నిరాశపరుస్తాయి. మూడు కాళ్లే ఉన్న మేకలు, తల ఒక్కటే పూర్తయి ఒళ్లు తెల్లకాగితంలో కలిసిపోయిన ఎద్దులు, బొటనవేలు తప్ప మిగతా వేళ్లేవీ విడివిడిగా లేని చేతులు వరసగా ఎదురవుతాయి. ఒక్కో కాగితం మూలన మాస్టారు ఆ బొమ్మకు పట్టిన సమయం రాసుకున్నారు: కొన్నింటికి అర నిమిషం, చాలావాటికి రెండు మూడు నిమిషాలు, ఎంత ఎక్కువైనా పది. అంత తక్కువ వ్యవధిలో చిత్రకారుడు దేనిని ముందు చూశాడు, దేనిని వదిలేయడానికి తెగించాడు అన్నదే ఇటువంటి బొమ్మల్లో చూడవలసిన విషయం. అలా చూసినప్పుడు ఆ మేకకు నాలుగో కాలు ఎందుకు లేదో తెలుస్తుంది. ఆ సమయానికి అది మిగతా కాళ్ల వెనక ఉంది, బరువు దాని మీద లేదు, దాని వంతు వచ్చేలోగా మేక కదిలిపోయింది.

జంతువుల కాగితాల్లో తలమానికం బండలాగుడు పోటీల ఎద్దులు. ఉగాదికీ ఊరి తిరునాళ్లకూ రాయలసీమ పల్లెల్లో జరిగే ఈ పోటీలను చూసినవారికి, కాడి కింది జత బండను మొదటిసారి కదిలించే ఘడియ ఎంత స్వల్పమో తెలుసు. కెమెరాకు ఆ ఘడియ దొరుకుతుంది గాని, దుమ్ము, మోకులు, అదిలించే మనుషులు, వెనక నిలబడ్డ జనం అన్నీ ఒకే స్పష్టతతో దొరకడం వల్ల ఎద్దు బలం ఎటు పోతున్నదో ఫోటోలో తేలిగ్గా పట్టుబడదు. మాస్టారు మూపురం నుంచి వెనక గిట్ట దాకా ఒకే ఒక వంపు గీతను దించారు. ఆ గీత మొదట సన్నగా బయలుదేరి, తొడ దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు మొన విరుగుతుందేమో అన్నంత ఒత్తుతో నల్లబడి, గిట్ట దగ్గర నేలను గుచ్చి ఆగిపోయింది. మెడ కిందికి వాలింది, గంగడోలుకు రెండు చిన్న వంపులు, కాడికి ఒక అడ్డగీత, అంతే. రెండో ఎద్దుకు కొమ్ములూ వీపూ మాత్రమే ఉన్నాయి. బండ అసలు గీయనే లేదు. అయినా ఆ ఎద్దులకు వెనక, కాగితం అంచు అవతల, ఎంతో బరువు ఉన్నదన్న విషయంలో చూసేవారికి అనుమానం రాదు.

అదే వరసలో మరో కాగితం ఉంది. అందులో ఒకే ఎద్దు ఒంటికి రెండు తలలు కనిపిస్తాయి. ఒకటి గడ్డి మీదికి వంగి ఉంది, మరొకటి పక్కకు తిరిగి ఈగలను తోలుకుంటోంది. ఇది అచ్చు తప్పా అని దుకాణంలో ఒకరు అడుగుతుండగా విన్నాను. లేపాక్షి వీరభద్రాలయంలో ఒకే ఒంటికి మూడు తలలు చెక్కిన పశువు శిల్పాన్ని చూసినవారికి ఆ అనుమానం కలగదు. అక్కడ ఏ రెండు తలలను చేత్తో కప్పి చూసినా మూడోదానితో ఆ పశువు నిండుగా నిలబడుతుంది. విజయనగర కాలపు శిల్పి అది ఎంతో ఆలోచించి చేసిన పని. మాస్టారు కాగితంలో రెండో తల అలా ఆలోచనతో వచ్చింది కాదు, ఎద్దు తల తిప్పింది గనుక వచ్చింది. ఆయన మొదటి తలను రబ్బరుతో చెరిపేయలేదు. ఈ సంపుటిలో ఎక్కడా రబ్బరు వాడిన జాడ కనిపించదు, కొన్ని కాగితాలు ఏకంగా బాల్‌పెన్నుతోనే గీశారు. ఈ నియమం వల్ల కొన్ని బొమ్మలు చిందరవందరగా తయారైన మాట నిజమే గాని, ఒక జంతువు ఏ క్రమంలో కదిలిందో గీతల మీద గీతలుగా చదువుకునే వీలు కూడా దానివల్లే కలిగింది.

మేకల కాగితాలు తొమ్మిది ఉన్నాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఎక్కువగా ఉపయోగపడేవి ఇవే. నాలుగు కాళ్ల జంతువును గీయబోయినప్పుడు చాలామంది తడబడేది వెనక కాలి దగ్గర. ఆ కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చి కనిపించే కీలును మోకాలనుకుంటారు, కానీ అది మడమ. అసలు మోకాలు దానికి చాలా పైన, పొట్ట పక్కన, చర్మం కింద దాగి ఉంటుంది. అలాగే ముందు కాలికి మోకాలని మనం చెప్పుకునేది మన చేతిలో మణికట్టుకు సమానమైన కీలు. మేక గాని, ఆవు గాని నడిచేది ఒక్కో కాలికి రెండు వేళ్ల కొనల మీద మాత్రమే, మడమ ఎప్పుడూ నేలకు ఆనదు. ఈ సంగతి పట్టించుకోకుండా గీస్తే మేక ఒంటికి బల్లకాళ్లు బిగించినట్టు వస్తుంది. మాస్టారు ఎక్కడా వివరణ రాయలేదు గాని, తుమ్మకొమ్మను అందుకోవడానికి వెనక కాళ్ల మీద లేచిన మేక బొమ్మలో మడమ దగ్గరి కోణాన్ని మూడుసార్లు వెతికారు. మొదటి రెండు గీతలు తేలికగా ఉన్నాయి, మూడోది నిశ్చయంగా ఉంది. ఆ మూడు గీతల మధ్య తేడాను ఒక విద్యార్థి ఓపికగా చూస్తే, శరీరనిర్మాణం గురించి ఒక పాఠం విన్నంత ప్రయోజనం కలుగుతుంది.

మేకకూ గొర్రెకూ తేడా చూపించిన కాగితం కూడా మెచ్చుకోదగినది. మన వైపు ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని దాదాపు ఉండదు, కాళ్లు పొడుగు, పైగా ఆడగొర్రెకు కొమ్ములు కూడా ఉండవు. అందుకే పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారు మందను చూసి మేకలనుకోవడం మామూలే. మాస్టారు రెండింటినీ పక్కపక్కన అర నిమిషంలో గీసి, తేడా అంతా తోకలో చూపించారు. మేక తోక పైకి నిక్కి ఉంది, గొర్రె తోక కిందికి వేలాడుతోంది. ఆ తోకలను చేత్తో మూసి చూస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. తక్కువ సమయంలో ఏ ఒక్క గుర్తు గీస్తే చాలునో తెలిసినవాడి పని అది.

బర్రెల కాగితాలు మూడూ బొగ్గుతో వేసినవి. బొగ్గుముక్క మొనతో గీసింది తక్కువ, పక్కకు వాల్చి రుద్దింది ఎక్కువ. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1637లో నల్ల సుద్దతో గీసిన ఏనుగు బొమ్మ ఇప్పుడు వియన్నాలోని ఆల్బర్టినా సంగ్రహాలయంలో ఉంది. సింహళం నుంచి హాలెండుకు తీసుకుపోయిన ఆ ఏనుగు చర్మపు మడతలను ఆయన సుద్ద ఒత్తును పెంచుతూ తగ్గిస్తూ తెప్పించిన తీరు చిత్రకళా విద్యార్థులందరికీ పరిచయమే. మాస్టారి బర్రెలు ఆ దారిలోనే నడిచాయి. మడతలు లేవు గాని, నీళ్లలో నుంచి అప్పుడే లేచిన తోలు నిగనిగ కాగితపు తెల్లదనాన్ని అక్కడక్కడ వదిలేయడం వల్ల వచ్చింది. మూడింటిలో మంచిది పడుకున్న బర్రె లేస్తున్న బొమ్మ. ముందు కాళ్లు ఇంకా మడిచే ఉన్నాయి, వెనక భాగం పైకి లేచింది, తల నేల దగ్గరే ఉంది. ఆవులూ బర్రెలూ లేచేది అచ్చంగా అలాగే, వెనక కాళ్లు ముందుగా నిలబెట్టుకుని.

సంపుటిలో గుర్రం ఒకే ఒక్క కాగితంలో ఉంది, సంపుటి మొత్తంలో నాకు నమ్మకం కుదరని జంతువు కూడా అదే. నేల మీది నుంచి లేస్తున్న గుర్రాన్ని మాస్టారు బర్రె లేచిన పద్ధతిలోనే, వెనక కాళ్లు ముందు లేపి చూపించారు. గుర్రం అలా లేవదు. ముందు కాళ్లు చాచి ఛాతీని పైకెత్తి, ఆ తరువాతే వెనక భాగాన్ని లేపుతుంది. దీనికి పట్టిన సమయం మూలన పది నిమిషాలని రాసి ఉండడం కూడా అనుమానాన్ని పెంచుతుంది. లేచే గుర్రం పది నిమిషాలు ఎవరి కోసమూ ఆగదు కదా. చూసి గీసిన బర్రెను జ్ఞాపకం పెట్టుకుని, ఇంట్లో కూర్చుని గుర్రాన్ని ఊహించి ఉంటారని నా అనుమానం. పెన్సిలు పనితనం మాత్రం ఈ కాగితంలోనే అందరి కళ్లకూ ఆనేలా ఉంది, జూలు వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. కొనడానికి వచ్చినవారు మొదట మెచ్చుకునేది దీన్నేనని దుకాణదారు చెప్పినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

కోళ్ల కాగితాలు రెండే ఉన్నా వాటి గురించి చెప్పకుండా ఉండలేను. కోడి నడిచేటప్పుడు తల ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి ఒళ్లు ముందుకు వస్తున్నంతసేపు తలను ఒకేచోట నిలిపి ఉంచి, ఆ తరువాత ఒక్క విసురున ముందుకు చాస్తుంది. తల నిలిచి ఉన్న ఆ అర క్షణంలోనే ముక్కూ కన్నూ దొరకాలి. మాస్టారు కోడి తలలు మాత్రమే గీసిన ఒక కాగితంలో పదిహేను పదహారు తలలు ఉన్నాయి, వాటిలో సరిగ్గా కుదిరినవి నాలుగైదు, అయినా కుదరనివాటిని దాచుకోలేదు. కుక్కలు సహజంగానే సులువైన సరుకు. మధ్యాహ్నపు ఎండలో ఆటోస్టాండు నీడన పడుకున్న కుక్క ఎంతసేపైనా పోజిస్తుంది. ఆ నాలుగు కాగితాలూ చక్కగా ఉన్నాయి, అంతకు మించి చెప్పడానికేమీ లేదు. శ్రీశైలం దారిలో కనిపించే కొండముచ్చు ఒక కాగితంలో ఉంది, తోక కాగితం అంచు దాటి పోయింది, అదొక సరదా. లియొనార్డో దావించి పిల్లుల భంగిమలతో ఒక కాగితం నింపుతూ మధ్యలో చిన్న డ్రాగన్‌ను కూడా ఇరికించాడు. మాస్టారు అంత చనువు తీసుకోలేదు, ఒక కుక్కకు మాత్రం కళ్లజోడు పెట్టి వదిలారు.

చేతుల భాగానికి వచ్చేసరికి సంపుటి స్వభావం మారుతుంది. జంతువుతో చిక్కు అది ఆగకపోవడం, చేతితో చిక్కు అది మరీ పరిచయమైనది కావడం. మేక కాలు కొంచెం పొడుగైతే చాలామంది గమనించరు, చిటికెన వేలు ఒక కణుపు పొడుగైతే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. చేతిలో మణికట్టుతో కలిపి 27 ఎముకలున్నాయి. వాటిలో 14 వేళ్లవి, బొటనవేలికి రెండూ మిగతావాటికి మూడేసీ. ఇన్ని కీళ్లను రెండు నిమిషాల్లో లెక్కపెట్టి గీయడం ఎవరికీ సాధ్యం కాదు గనుక, చేతిని ముందు రెండు మూడు పెద్ద ముద్దలుగా చూడడం నేర్చుకోవాలి: అరచేయి ఒక పలక, బొటనవేలి మొదలు ఒక త్రికోణపు ముద్ద, నాలుగు వేళ్లూ కలిసి ఒకే ఆకారం. మాస్టారు మంచి కాగితాల్లో చేసింది ఇదే.

పనిచేస్తున్న చేతుల కాగితాలన్నీ మంచివే. జొన్నరొట్టె తడుతున్న చేతుల కాగితాన్ని నేను ఎక్కువసేపు చూశాను. కుడిచేతి అరచేయి పిండి మీద పడుతూ లేస్తూ ఉన్నందున దానికి నాలుగైదు అంచుగీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, వాటిలో ఏ ఒక్కదాన్నీ మాస్టారు ఖాయం చేయలేదు. ఎడమచేయి మాత్రం రొట్టె అంచును ఒత్తిపట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటుంది గనుక, దానిని ఒకే గట్టి గీతతో పూర్తిచేశారు. తట్టే చేయి చెదిరిపోయి, తిప్పే చేయి నిలిచిపోయి, ఆ రెండింటి మధ్య రొట్టె ఒక పలుచని వంకర గుండ్రంగా ఉంది. చేతులకు గాజులున్నాయని చెప్పడానికి మణికట్టు దగ్గర రెండు చిన్న అడ్డగీతలు చాలాయి. రొట్టె తట్టడం రోజూ చూసే ఊళ్లో ఈ బొమ్మకు వేరే వివరణ అక్కరలేదు, అయినా ఆ పనిలో రెండు చేతులకూ రెండు వేర్వేరు లయలున్నాయని చాలామంది ఈ కాగితంలోనే మొదటిసారి గమనిస్తారనుకుంటాను.

మల్లెపూలు కడుతున్న చేతుల కాగితం కూడా దాదాపు అంత బాగుంది. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పూల కాడలు నొక్కిపట్టి, కుడిచేతితో దారాన్ని మెలివేసి బిగించే పని అది. ఆ పనిలో పాలుపంచుకునే మూడు వేళ్లను మాత్రమే విడదీసి, మిగిలినవాటిని ఒకే నీడముద్దగా వదిలేశారు. మంగలి కత్తెర పట్టుకున్న చేతిలో కత్తెర కంట్లో దూరినది ఉంగరపు వేలు, దర్జీ పెద్దకత్తెర కాగితంలో మాత్రం వేళ్ల అమరిక వేరుగా ఉంది. ఎవరి పనిముట్టును వారు ఎలా పడతారో ఆయన చూసే గీశారని ఇటువంటి చిన్న తేడాలు నమ్మిస్తాయి. ఆదోని వైపు చేలలో పత్తి తీస్తున్న చేయి మరో కాగితంలో ఉంది. ఎండిన పత్తికాయ కొనలు గుచ్చుకుంటాయి గనుక, వేళ్ల కొనలన్నీ దగ్గరికి చేర్చి దూదిని పైనుంచి లాగుతారు; అలా ఒకచోట కూడిన వేళ్లను ఎదురుగా చూసి గీయడం సాధకులకు చాలా కష్టమైన అంశం. మాస్టారి గీత ఇక్కడ కొంచెం తడబడింది, మధ్యవేలు చూపుడువేలి కన్నా పొట్టిగా వచ్చింది, అయినా దూది లాగుతున్న ఒడుపు చెడలేదు.

పనేమీ లేకుండా ఊరికే చూపించడానికి పెట్టిన చేతుల దగ్గరే పేచీ. నమస్కారం పెట్టిన చేతులు, అభయముద్ర, ఒళ్లో పెట్టుకున్న ముసలివారి చేతులు, ఇటువంటివి ఏడెనిమిది కాగితాలున్నాయి. వీటిలో సమయం ఎక్కువ పట్టింది, షేడింగ్ ఎక్కువ పడింది, ప్రాణం తక్కువగా ఉంది. వేళ్లన్నీ ఇంచుమించు ఒకే మందంతో, ఒకే దిక్కుకు ఉన్నాయి. చేతిని వెనక వైపు నుంచి చూస్తే మధ్యవేలు దాని మెటిక నుంచి కొన దాకా చేతి పొడవులో దాదాపు సగం ఉంటుంది, అరచేతి వైపు నుంచి చూస్తే వేళ్ల మధ్య చర్మం పైదాకా ఉండడం వల్ల అదే వేలు పొట్టిగా కనిపిస్తుంది. అభయముద్ర కాగితంలో అరచేయి మనవైపు తిరిగి ఉన్నా వేళ్ల పొడవులు వెనక వైపువే. మన గుళ్లలోని విగ్రహాల వేళ్లు కూడా పొడవుగానే ఉంటాయి కదా అని ఎవరైనా అనవచ్చు. విగ్రహానికి దాని ప్రమాణాలు దానికున్నాయి, చూసి గీసినదని మూలన సమయం రాసి పెట్టిన స్కెచ్‌కు ఆ మినహాయింపు చెల్లదు.

నెమ్మదిగా గీసిన చేతులన్నీ ఇలాగే ఉంటాయని నేను అనడం లేదు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1508లో నీలం కాగితం మీద కుంచెతో వేసిన ప్రార్థన చేతులు ఎంతో సావకాశంగా చేసిన అధ్యయనమే. ఒక చర్చి చిత్రం కోసం దానిని సిద్ధం చేసుకున్నాడు. ఆ చర్చి చిత్రపు నడిమి భాగం 1729లో అగ్నిప్రమాదంలో నాశనమైంది, ఈ కాగితం మిగిలింది. అందులో ఒక చేతి వేళ్లు మరో చేతి వేళ్లకు పూర్తిగా ఆని ఉండవు, చిటికెన వేళ్ల దగ్గర చిన్న తేడా ఉంది, చొక్కా చేతి మడత కూడా ఎంతో శ్రద్ధగా వచ్చింది. అంటే నిదానంలో కూడా చూపు ఆగకుండా పనిచేయవచ్చు. మాస్టారి నమస్కారం చేతుల్లో చూపు మొదటి నిమిషంలోనే ఆగిపోయి, మిగిలిన తొమ్మిది నిమిషాలూ పెన్సిలు ఒక్కటే నడిచినట్టుంది. వీటి స్థానంలో ఇంకో అరడజను పనిచేసే చేతులను చేర్చి ఉంటే సంపుటి రెట్టింపు బలంగా ఉండేది.

ఇక అచ్చు. పెన్సిలు గీతలోని బూడిదరంగు హెచ్చుతగ్గులను ఒకే నల్ల సిరాతో చూపించాలంటే వాటిని సన్నటి చుక్కలుగా మార్చి అచ్చువేయాలి. ఆ చుక్కలు ముతకగా ఉన్నా, నలుపును అవసరానికి మించి పెంచినా, తేలికపాటి గీతలు ముక్కలైపోతాయి లేదా పూర్తిగా మాయమవుతాయి. ఈ సంపుటిలో రెండూ జరిగాయి. అచ్చువేసినవారు బొమ్మలు "పలచగా" ఉన్నాయనుకుని నలుపును పెంచినట్టున్నారు. ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే త్వరగా గీసిన బొమ్మలో చదువుకోవలసినవి గట్టి గీతలకు ముందు వెతుకులాటగా వేసిన ఆ లేత గీతలే. జొన్నరొట్టె చేతుల అసలు కాగితం ఫ్రేము కట్టి దుకాణం గోడకు తగిలించి ఉంది కాబట్టి పోల్చి చూడడానికి వీలైంది. అసలు బొమ్మలో తట్టే చేతికి అచ్చులో కనిపించేవాటి కన్నా ఇంకా రెండు మూడు గీతలు ఎక్కువగా ఉన్నాయి. పైగా అది పోస్టుకార్డంత కూడా లేదు. అచ్చులో అన్ని బొమ్మలనూ ఏ4 పరిమాణానికి పెంచడం వల్ల బాల్‌పెన్ను గీత కూడా స్కెచ్‌పెన్ను గీతలా మొద్దుబారింది. అసలు పరిమాణం ఎంతో కాగితం కింద ఒక్క అంకె వేస్తే సరిపోయేది, అదీ లేదు.

కాగితం ఎంపిక కూడా నాకు నచ్చలేదు. మెరుపున్న మందపాటి ఆర్ట్ పేపరు పెళ్లిపత్రికలకూ క్యాలెండర్లకూ బాగుంటుంది. పెన్సిలు బొమ్మలకు మాత్రం ట్యూబులైటు కింద పెట్టగానే ఆ మెరుపే అడ్డొస్తుంది, కాగితాన్ని అటూ ఇటూ వంచి చూడవలసి వస్తుంది. మెరుపులేని మంచి మ్యాప్‌లిథో కాగితం మీద వేసి ఉంటే ఖర్చు తగ్గేది, బొమ్మ పక్కనే విద్యార్థి పెన్సిలుతో గీసి చూసుకోవడానికి కూడా వీలుండేది. విడి కాగితాలుగా ఇవ్వడం మాత్రం సరైన ఆలోచన. ఎదురుగా నిలబెట్టుకుని గీయవచ్చు, నలుగురు విద్యార్థులు తలా ఒకటి పంచుకోవచ్చు, ఇష్టమైనదాన్ని గోడకు పెట్టుకోవచ్చు. కాగితాలకు వరస సంఖ్యలు లేకపోవడం వల్ల ఒకసారి కలిసిపోతే తిరిగి పేర్చడం సాధ్యం కాదు, అయితే అసలు వరసలో కూడా పెద్ద క్రమమేమీ లేదు గనుక దానికి నేను బాధపడలేదు. ఏ సంవత్సరంలో గీసినవో రాయకపోవడం అంతకన్నా పెద్ద లోటు. ఒక చిత్రకారుడి చేయి కాలక్రమంలో ఎలా మారిందో తెలుసుకోవడానికి తేదీలు తప్ప వేరే ఆధారం ఉండదు.

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు చదువుతున్నవారికి దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, ఎందుకంటే మార్కెట్లో దొరికే గైడ్లలోని జంతువులన్నీ ఒకే పక్కకు తిరిగి కదలకుండా నిలబడి ఉంటాయి. 2020లో కడపలో ఏర్పడిన డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో చేరాలనుకునే మన జిల్లాల పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది. నగరాల్లోని శిక్షణ కేంద్రాలు చూపించే విదేశీ నమూనాల కన్నా, తాము రోజూ చూసే జంతువులూ తమ ఇంట్లో కనిపించే చేతులూ ఉన్న కాగితాల నుంచి మొదలుపెట్టడం వారికి సులువు. వాడే పద్ధతి గురించి ఒక మాట. వీటిని ఉన్నదున్నట్టు, చిందరగీతలతో సహా కాపీ చేస్తూ కూర్చుంటే ఫలితం తక్కువ. ఒక మేక కాగితాన్ని శ్రద్ధగా చూసి, దాన్ని ఫోల్డరులో పెట్టేసి, వెళ్లి నిజమైన మేక ముందు అంతే సమయంలో గీసి, తిరిగొచ్చి రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మాస్టారు ఏం వదిలేశారో అప్పుడు అర్థమవుతుంది. గోడకు అలంకారంగా పెట్టుకోవడానికి మాత్రమే కొనదలచినవారికి ఇది అంతగా నచ్చకపోవచ్చు.

దుకాణంలో మర్యాదకు లోటు లేదు. కొనకముందే ఫోల్డరు విప్పి అన్ని కాగితాలూ చూడనిస్తారు, ఏదైనా మూల నలిగి ఉంటే అడగకుండానే మార్చి ఇస్తారు. ఫ్రేము కట్టించుకునేవారికి గాజు నేరుగా కాగితానికి తగలకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టించుకోమని దుకాణదారే చెప్పారు, అది సరైన సలహా. పొరుగూళ్లకు కొరియరులో పంపిస్తారు గాని, అట్ట ఫోల్డరుకు పక్కన మడతలు లేనందువల్ల పైన ఇంకో గట్టి అట్ట కట్టమని అడగడం మంచిది. మొత్తం సంపుటి అక్కరలేదనుకునేవారికి విడిగా కాగితం 20 రూపాయలకు కూడా ఇస్తున్నారు. అలా కొనేవారు బండలాగుడు ఎద్దుల జత, తుమ్మకొమ్మ అందుకునే మేక, లేస్తున్న బర్రె, కోడి తలలు, జొన్నరొట్టె చేతులు, పూలు కట్టే చేతులు, ఈ ఆరూ అడిగి తీసుకుంటే 120 రూపాయలకే సంపుటిలోని మేలైన భాగం చేతికి వస్తుంది. గుర్రాన్నీ నమస్కారం చేతులనూ దుకాణదారు ఎంత మెచ్చుకున్నా అక్కడే వదిలేయవచ్చు.